ఛాయ్ జల్లెడ

కైకలూరు డీసీఎం కోడి కూయకముందే కట్టెక్కింది.
ప్లాస్టిక్ సంచుల్ల నీళ్లు, గాలి, బొటనవేలంత పిల్లలు.
"సంచికి వెయ్యి, రెండొందల సంచులు,
రెండు లక్షలు, సంతకం వెట్టక్కా" అన్నడు డ్రైవర్
బీడీ ఆర్పకుంటనే.

సంఘం లెక్కలు నావి.
కొంగుల చెక్కుకొచ్చిన ఛాయ్ జల్లెడ తీసిన.
తొట్టిల ఒక సంచి కుమ్మరిచ్చి
లాభం, రెండు, మూడు...
పొద్దు పొడిచేసరికి ఆరొందల పందొమ్మిది,
అండ్ల తేలినయి ఇరవై తొమ్మిది.
తబస్సుమ్ మేడం ఇంకో రెండు విప్పుమన్నది.
అవి గూడ గంతే.
డ్రైవర్ బీడీ ఆర్పిండు.

మిగిలిన సంచులు మూతి కట్టే నీళ్ల మీద వదిలినం,
లోపలి సల్లదనం బయటి సల్లదనం ఒక్కటయ్యేదాంక.
తొందరపడి విప్పితే బిత్తరపోయి చస్తయట.
మమ్ములను కాలనీల దింపిన లారీలు
అంతసేపు ఆగలే.

బొచ్చె పైన తింటది, రవ్వ నడుమ,
మోసు అడుగున బురద గెలుకుతది.
అడుగంటే మేడంకు ముప్పై ఫీట్లు.
నాకు పసుపు మడి, గట్టు మీద రెండు సీతాఫలం చెట్లు,
లసుమవ్వ గొర్ల దొడ్డి.

మొదటి ఏడు రవ్వ కిలోన్నర తూగింది.
రెండో ఏడు బొచ్చె మూడు కిలోలు,
పరకాల అంగడిల మా చేపకు ఎగవడ్డరు.
కొత్త నీళ్ల మహిమ అన్నరు అందరు.
మునిగిన గడ్డి, కంది కొయ్యలు, పెంటకుప్పలు
మురిగి మేతయినయి అన్నది మేడం.
మూడో ఏడు అవే పిల్లలు, అవే వలలు,
ముప్పావు కిలో తూగలే.
ఊరు అయిపోయింది.

ఈసారి నాలుగు లక్షలు పోద్దామన్నడు సంఘం ప్రెసిడెంటు.
వద్దని తీర్మానంల రాసిన.
కండ్లకు ఆనినన్ని నీళ్లున్నయి గని, మేత లేదు.
ఇంకో సంగతి, ఈ మూడు జాతులు
నిలవ నీళ్లల్ల గుడ్డు వెట్టవు, పారకం కావాలె.
అందుకే ఏటేటా డీసీఎం.
వానకాలం మత్తడి దుంకితే మాత్రం
పారకం సప్పుడు ఇని అటే ఉరుకుతయి,
మేము జాలీ కట్టి ఆపుతం.

పిలవకుంట వచ్చింది జిలేబి చేప,
వచ్చి పిల్లలకు పిల్లలు వెట్టుకుంట కూసున్నది.
కొర్రమట్ట రాలే, పోలే.
పాత కుంట బురదల ఉన్నదున్నట్టే ఉన్నది,
నోటీసు అందుకోని ఒకే ఒక్క ఇల్లు.
రవ్వ పిల్లలను మింగుతదని గాలాలు తెచ్చిండ్రు మొగోళ్లు.
కొన్ని ఉండనియ్యుండ్రి, జిలేబిని తింటది అన్నది మేడం.
నేను వేరే కారణానికి తలకాయ ఊపిన.

పోయిన నెల ఓదెలు దోమతెర వల ఏసిండు.
బకెట్ నిండ వేలెడు లేని పిల్లలు.
పట్టుకుంటే, "కింద రెండెకరాలు నాదే,
నా చెల్క మీద నేను ఏస్కోవద్దా?" అన్నడు.
ఎవ్వరం మాట్లాడలే.
ఐదొందలు జరిమాన రాసి రశీదు చింపిచ్చిన.
రశీదు మీద ఊరి పేరు పాతదే పడ్డది.
దిద్దలే.

పది గొట్టంగ మూతులు విప్పినం.
ఉరుకుతయనుకున్నం, ఉరకలే.
సంచి వంచిన కాడనే గుంపుగ నిలవడి
కిందికి చూసినట్టు చూసినయి.
తర్వాత లేవు.

రెండు లక్షలు కొట్టేసి
లక్షా పద్దెనిమిది వేలని రాసి సంతకం వెట్టిన.

ఇంటికొచ్చి జల్లెడ తోమిన,
బూడిదతోని ఒకసారి, చింతపండుతోని రెండుసార్లు.
అయినా ఛాయ్‌ల నీచు.
మా ఆయన ఒక్క గుటక మింగి గ్లాసు దిక్కు చూసిండు.
"మన మడి కాడ ఇడిశినవా?" అనడిగిండు.
ఎక్కడని చెప్పాలె.
"అటు దిక్కే" అన్న.